ఆ అరవై ఒక్క ఓట్లు

పొద్దున్నే ఎవరో ఒకరు నన్ను తిట్టకపోతే నాకు తెల్లారినట్టే ఉండేది కాదు ఒకప్పుడు. ఈ పాడు అలవాటు చేసినవాడు సార్జెంట్ లమెక్ షావా. పదకొండేళ్ళపాటు, ఆదివారాలు తప్ప, నేను లుఫుబా పోలీస్ స్టేషన్ మెట్లెక్కడమూ, అతను బల్ల వెనక నుంచి తలెత్తకుండానే అందుకోవడమూ జరిగేవి.

"వచ్చాడమ్మా కోతులు తినేవాడు! ఏరా, నిన్న తిన్నదాని తోక ఎక్కడ పారేశావు?"

"నీకోసం దాచానులే బావా. ఎలుకలు తిని తిని నీ పళ్ళ సందుల్లో వెంట్రుకలు ఇరుక్కున్నాయి కదా, దాంతో తోముకో."

ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు వాళ్ళ ఏడుపు ఆపి మరీ నవ్వేవాళ్ళు. సంకెళ్ళతో నిలబడ్డ దొంగ కూడా నవ్వేవాడు.

మాది జాంబియా; నాది బెంబా తెగ, అతనిది ఎన్గోనీ. మా తాతలూ వాళ్ళ తాతలూ ఒకరినొకరు బల్లేలతో పొడుచుకుని పొడుచుకుని, ఇక చాలనుకుని, బావామరుదుల వరస కలుపుకున్నారు. అప్పటి నుంచి బెంబావాడు ఎన్గోనీవాణ్ణి ఏమన్నా చెల్లుతుంది, ఎన్గోనీవాడు బెంబావాణ్ణి ఏమన్నా చెల్లుతుంది. అతని ఇంట్లో దూరి కోడిని పట్టుకుపోవచ్చు. నెత్తి మీది టోపీ లాక్కోవచ్చు. చచ్చిపోతే అతన్ని పూడ్చే పని నాదే, ఆ గోతిలోకి దూకి, నాకు కావలసింది ఇస్తే గాని లేవనని పడుకోవచ్చు. కోపం మాత్రం తెచ్చుకోకూడదు. తెచ్చుకున్నవాడు ఓడిపోయినట్టే.

నేను షావా కోడిపుంజుని ఒకసారి ఎత్తుకెళ్ళాను. అతని టోపీ పెట్టుకుని బజారంతా తిరిగి, టమాటాలమ్మే ఆడవాళ్ళ చేత సలాములు కొట్టించుకున్నాను. అతను నా టైప్ మిషను రిబ్బను కాజేసి దాని సిరాతో తన బూట్లకి నలుపు వేసుకున్నాడు. ఆ వారం మా పేపరు ఒకరోజు ఆలస్యంగా వచ్చింది.

మా పేపరు పేరు 'లాంతరు'. వారానికొకసారి, ఎనిమిది పేజీలు. లుఫుబాలో రాగి గని ఉంది, గని ఆసుపత్రి ఉంది, రెండు బీరు హాళ్ళు ఉన్నాయి, వాటి మధ్య మేమున్నాం. పోలీసులకి మేమంటే ఒళ్ళుమంట. దేశాన్ని అప్పట్లో ఎద్దు పార్టీ ఏలుతోంది. తాళంచెవి పార్టీ దాన్ని దింపాలని చూస్తోంది. తాళంచెవివాళ్ళు మీటింగు పెడితే పోలీసులు చెదరగొట్టేవాళ్ళు. చెదరగొట్టారని మేము రాసేవాళ్ళం. అంతే, మేము తాళంచెవివాళ్ళకి అమ్ముడుపోయామని వాళ్ళ లెక్క, పోలీసులు ఎద్దు తోక పట్టుకు వేలాడుతున్నారని మా లెక్క.

"మీ లాంతర్లో కిరసనాయిలు ఎవడు పోస్తున్నాడ్రా?" అనేవాడు షావా.

"మీ ఎద్దుకి గడ్డి ఎవడు వేస్తున్నాడో వాడి పక్కింటివాడు."

అతను అంటే నవ్వులాట. మిగతావాళ్ళు అదే మాట పళ్ళు కొరుకుతూ అనేవాళ్ళు. స్టేషన్ పెద్ద సూపరింటెండెంట్ సికోటా నన్ను గంటలకొద్దీ వరండాలో కూర్చోబెట్టి, చివరికి చెప్పడానికేమీ లేదని కబురు చేసేవాడు. కానిస్టేబుల్ ముబిటా అనే ఒక పొడుగాటి మనిషి ఉండేవాడు, అతను మరీ ఘోరం. ఎన్నికలకి రెండు నెలల ముందు, ఫుట్‌బాల్ మైదానంలో జనాన్ని కొడుతుంటే నేను ఫోటో తీశాను. ముబిటా నా చేతిలో కెమెరా లాక్కుని నేలకేసి కొట్టి, బూటుతో తొక్కాడు.

"రాసుకో," అన్నాడు. "ముబిటా తొక్కాడని రాసుకో. పేరు తప్పు లేకుండా రాయి."

మర్నాడు స్టేషన్‌లో షావా నన్ను చూసి పెదవి విరిచాడు. "కెమెరా పోయిందట కదా. పోనీలే, నీ మొహం ఫోటోలో పడకుండా దేవుడు కాపాడాడు." తర్వాత గొంతు తగ్గించి, "ఇంటికి రా. ఎస్నాత్ చేపలు వండింది," అన్నాడు.

ఎస్నాత్ అతని భార్య. నన్ను అన్నయ్యా అని పిలిచేది. వాళ్ళ ఇల్లు స్టేషన్ వెనకున్న పోలీస్ క్యాంపులో. ఆ క్యాంపు గురించి చెప్పడం మొదలుపెడితే నేను ఆగలేను, అయినా కొంచెం చెప్పాలి. దారికి రెండువైపులా సున్నం కొట్టిన రాళ్ళు. ప్రతి ఇంటి ముందు ఒక మామిడిచెట్టు, ప్రతి చెట్టు కింద ఒక గొడవ. శనివారం పొద్దున బ్యాండువాళ్ళు సాధన చేస్తుంటే చిన్నపిల్లలు వెనకాల వరసగా నడిచేవాళ్ళు. ఆడవాళ్ళు నూనెలో పిండి ఉండలు వేయించి బుట్టల్లో పెట్టుకుని గనికి అమ్మబోయేవాళ్ళు. ఏడు తెగల మనుషులు, ఏడు భాషలు. తిట్టుకోడానికి మాత్రం అందరికీ ఒకటే భాష. గేటు దగ్గర ఎవడైనా నన్ను ఆపితే "షావా బావమరిదిని" అంటే చాలు, లోపలికి వదిలేవాళ్ళు. జాంబియా మొత్తంలో ఏ విలేఖరికీ అంత గౌరవం దక్కి ఉండదు.

ఎస్నాత్ మాకు జొన్నముద్దా, ఎండు చేపల కూరా వడ్డించేది. షావాకి మాత్రం పక్కన ఇంకో గిన్నె. అందులో ఉప్పు వేసి కాల్చిన పొలం ఎలుకలు, చిన్న చిన్నవి, వరసగా పేర్చి. వాళ్ళ ఊరి నుంచి ఎవరు వచ్చినా పుల్లకి గుచ్చి తెచ్చేవాళ్ళు.

"ఒక్కటి తిను," అనేవాడు ప్రతిసారీ. "ఒక్కటి తింటే మనిషివవుతావు."

"కోతిగానే ఉండిపోతాను బావా."

"ఎప్పటికైనా నీ చేత తినిపిస్తాను. చూసుకో."

వాళ్ళ ముందుగదిలో గోడకి ఎద్దు పార్టీ అధ్యక్షుడి ఫోటో ఉండేది. ఆ రోజుల్లో పోలీసు ఇంట్లో ఆ ఫోటో లేకపోవడం అంటే చొక్కా లేకుండా డ్యూటీకి వెళ్ళడమే. కానీ షావా దాన్ని రోజూ గుడ్డతో తుడిచేవాడు. ఒకసారి నేను ఆటపట్టించాను.

"ఎవరు చూస్తారని బావా ఇంత తుడుపు? సికోటా మీ ఇంటికి భోజనానికి రాడులే."

అతను నా వైపు తిరగలేదు. "అద్దం మీద దుమ్ముంటే మొహం బాగోదురా," అన్నాడంతే. నేను నవ్వాను. భయంతో చేస్తున్నాడని అనుకున్నాను. విలేఖరిని కదా, నాకు అన్నీ తెలుసని నా నమ్మకం.

ఎన్నికలు వచ్చాయి. జకరండా చెట్లన్నీ ఊదాపూలతో నిండి, ఎండ నడినెత్తిన మండుతున్న అక్టోబరు నెల. క్యాంపు పిల్లల బడిలో ఒక పోలింగ్ కేంద్రం పెట్టారు. అక్కడ ఓట్లు వేసేది పోలీసులూ, వాళ్ళ భార్యలూ, అంతే. ఓట్లు అక్కడే లెక్కపెట్టి, ఫలితం కాగితం మీద రాసి బడి తలుపుకి అతికించాలని రూలు.

మర్నాడు మధ్యాహ్నం నేను షావా ఇంట్లో భోంచేసి బయటికొస్తూ ఆ తలుపు ముందు ఆగాను. తాళంచెవి: నాలుగు వందల పన్నెండు. ఎద్దు: అరవై ఒకటి.

రెండుసార్లు చదివాను. మూడోసారి చదివి జేబులోంచి పుస్తకం తీశాను. సంతోషంగా ఆ అంకెలు రాసుకున్నాను. ఇన్నాళ్ళూ ఊళ్ళో జనం ఈ ఖాకీ చొక్కాలని చూసి ఉమ్మేస్తున్నారు. ఈళ్ళు ఎద్దుకి పుట్టిన దూడలు అంటున్నారు. తీరా చూస్తే నా కెమెరా తొక్కినవాళ్ళు కూడా లోపల లోపల మనవాళ్ళేనా! ఈ ముక్క చెప్తే జనానికి పోలీసుల మీద కోపం పోతుందని నాకు అనిపించింది. ఇప్పుడు చెప్పడానికి సిగ్గేస్తోంది గాని, నేను ఆ క్యాంపుకి మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

షావా వెనక నుంచి వచ్చాడు. "ఏం రాసుకుంటున్నావురా?"

"నీ చావు కబురు, బావా."

అతను నవ్వాడు. తర్వాత ఆ కాగితం వైపూ, నా పుస్తకం వైపూ చూశాడు. "ఒరేయ్, ఆ కాగితం క్యాంపుది. క్యాంపులోనే ఉండనీ."

"ఉండదు బావా. నీ కోడినే ఎత్తుకుపోయినవాణ్ణి, కాగితం ఒక లెక్కా?"

ఇక్కడే నేను చేసిన తప్పంతా ఉంది. పదకొండేళ్ళలో మా మధ్య నిజంగా చెప్పిన మాట ఒక్కటి లేదు. చచ్చిపోరా అంటే కూర్చోమని. దొంగవెధవా అంటే ఎలా ఉన్నావని. అందుకని ఆ మాట కూడా సరసమే అనుకున్నాను. ఒకవేళ కాకపోయినా ఏమవుతుంది, బావ కోప్పడకూడదు కదా, కోప్పడితే ఓడిపోయినట్టే కదా అనుకుని, గేటు దాటి ఆఫీసుకి నడిచాను. బావామరుదుల హక్కు కోళ్ళ దగ్గరా టోపీల దగ్గరా ఆగిపోతుందని మా వాళ్ళెవరూ నాకు చెప్పలేదు. చెప్పకుండానే తెలియాల్సిన వయసు నాది.

వారం తర్వాత మూడో పేజీలో రెండు కాలమ్‌ల వార్త వచ్చింది. 'లాఠీ ఇటు, ఓటు అటు' అని శీర్షిక పెట్టాడు మా ఎడిటరు. కింద నా పేరు. లుఫుబాలో పేపర్లు సాయంత్రానికల్లా అయిపోయాయి. ఎడిటరు నా భుజం తట్టాడు. ఆ ఏడు నన్ను ప్రధాన విలేఖరిని చేశారు.

దేశం మొత్తం మీద గెలిచింది మాత్రం ఎద్దు పార్టీ. పాతవాళ్ళే మళ్ళీ కుర్చీలెక్కారు. రాజధాని లుసాకాలో ఎవరో మా పేపరు చదివారు.

ఆరు వారాలు తిరక్కుండానే క్యాంపులోకి లారీలు వచ్చాయి. రెండు వందల నలభై కుటుంబాలు. ఎవరు ఎటు ఓటేశారో ఎవరికీ తెలియదు కాబట్టి అందరినీ ఒకే చీపురుతో ఊడ్చేశారు. కొందరిని ఉత్తరాన సరస్సు ఒడ్డుకి, కొందరిని దక్షిణాన సరిహద్దుకి. షావాకి జాంబెజీ నది అవతల, వరద మైదానాల్లో, ఏడాదిలో ఐదు నెలలు పడవ లేకుండా గడప దాటలేని పోస్టు ఇచ్చారు. ఇన్‌స్పెక్టర్ ప్రమోషన్ చేతిదాకా వచ్చిన మనిషి. ఎన్నికల మర్నాడు నేను ఎవరి ఇంట్లో భోంచేశానో క్యాంపంతా చూసింది. ఆ ముక్క సికోటాకి చేరడానికి ఎంతసేపు?

లారీ బయల్దేరే రోజు పొద్దున గేటు దగ్గరికి వెళ్ళాను. మంచాలు, కోళ్ళ గంపలు, బొగ్గుల కుంపట్లు, తాళ్ళతో కట్టిన చాపలు. ఎస్నాత్ నా వైపు చూసి తల తిప్పుకుంది. ముబిటా ఆ లారీలోనే ఉన్నాడు. అతను కిందికి దూకి నా గొంతు పట్టుకునేవాడే, షావా అడ్డం వచ్చాడు.

యూనిఫాం ఇస్త్రీ నలగకుండా ఉంది. ఆ బూట్ల నలుపులో నా టైప్ మిషను సిరా ఉందో లేదో.

"నమస్కారం, చిశింబా గారూ," అన్నాడు. "బాగున్నారా?"

"బావా..."

"మీరు రాసింది చదివాను. అచ్చుతప్పులు లేవు. సంతోషం."

"నన్నేదైనా అను బావా. ఒక్క మాట అను."

"డ్యూటీలో ఉన్నానండీ," అన్నాడు. ఎంతో మర్యాదగా అన్నాడు. లారీ వెనక తలుపు వేసుకుని వాళ్ళావిడ పక్కన కూర్చున్నాడు. రాలి ఎండిన ఊదాపూల మీదుగా లారీ వెళ్ళిపోయింది.

నన్ను ముబిటా కొట్టి ఉంటే బాగుండేదని నేను ఎన్నోసార్లు అనుకున్నాను.

కొత్త పోలీసులు వచ్చారు. వాళ్ళు వచ్చిన వారంలోనే గేటుకి బోర్డు తగిలించారు, విలేఖరులకు ప్రవేశం లేదని. బడిలో పోలింగ్ కేంద్రం ఎత్తేశారు. వరండాలో బెంచీ కూడా తీసేశారు. తర్వాత కొన్నేళ్ళకి ఎద్దు పార్టీ ఓడిపోయి తాళంచెవి పార్టీ వచ్చింది. స్టేషన్ గోడ మీద ఫోటో మారింది, చేతుల్లో లాఠీలు ఇప్పుడు ఎద్దువాళ్ళ వీపుల మీద పడ్డాయి. విలేఖరుల మీద కోపం మాత్రం చెక్కుచెదరలేదు. కొత్తగా చేరిన కానిస్టేబుళ్ళకి కూడా ట్రైనింగులో నేర్పినట్టు మా ముఖం చూడగానే దవడ బిగిసేది. ఎందుకని అడిగితే వాళ్ళకీ తెలియదు. నాకు తెలుసు, అందులో కొంత నా చేతి చలవ.

షావా రిటైరై లుఫుబాకి నలభై మైళ్ళ దూరంలో మొక్కజొన్న చేను కొనుక్కుని స్థిరపడ్డాడని పంతొమ్మిదేళ్ళ తర్వాత తెలిసింది. బస్సెక్కి వెళ్ళాను. జుట్టు తెల్లబడింది, వీపు మాత్రం నిటారుగానే ఉంది. కుర్చీ వేశాడు. ఎస్నాత్ చేత టీ ఇప్పించాడు, పళ్ళెంలో బిస్కెట్లు పెట్టించాడు. బావమరిదికి బిస్కెట్లు!

"ప్రయాణం బాగా జరిగిందా అండీ? వానలు మీ వైపు ఎలా ఉన్నాయి?"

"తప్పు చేశాను బావా. క్షమించమని అడగడానికొచ్చాను."

"మీ ఉద్యోగం మీరు చేశారు," అన్నాడు. "టీ చల్లారిపోతోంది."

ముందుగది గోడ మీద ఎద్దు పార్టీ పాత అధ్యక్షుడి ఫోటో అలాగే ఉంది. ఆయన కుర్చీ దిగి ఎన్నేళ్ళో అయింది. అద్దం మీద దుమ్ము లేదు. పాత పోలీసు కదా, అలవాటు పోలేదనుకున్నాను. అప్పుడు కూడా అడగలేదు నేను.

బస్సు దాకా ఎస్నాత్ సాగనంపింది. "అన్నయ్యా, ఆయన తిట్లేమీ మర్చిపోలేదు," అంది. "మా పుంజుకి చిశింబా అని పేరు పెట్టాడు. పొద్దున్నే లేచి దాన్ని తిడతాడు. కోతులు తినేవాడా, తోక ఏదిరా అని. అది కూసిందాకా ఊరుకోడు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బస్సులో కూర్చున్నాక ఏడ్చాను.

ఆ తర్వాత మూడో ఏడాది, వానలు పడబోయే ముందు, ఎస్నాత్ ఫోన్ చేసింది. "ఆయన పోయాడన్నయ్యా. రేపు మధ్యాహ్నం మట్టి చేస్తాం."

వెళ్ళేసరికి చేను పక్కన మగవాళ్ళంతా నీడలో కూర్చుని ఉన్నారు, ఇంట్లోంచి ఆడవాళ్ళ ఏడుపు వినిపిస్తోంది. సగం మంది పాత క్యాంపువాళ్ళే. ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. నన్ను చూడగానే ఒక పొడుగాటి ముసలాయన చేతికర్ర ఊతంగా లేచాడు. ముబిటా.

"ఏం రాసుకోవడానికొచ్చావు?" అన్నాడు. "చచ్చినవాళ్ళ ఓట్లు కూడా లెక్కపెడతావా?"

"బావమరిదిగా వచ్చాను. గోతి దగ్గర పని నాది."

"ఇక్కడ నీకెవరూ బావలు లేరు. మూడు గుడిసెల అవతల ఇంకో బెంబా ఉన్నాడు, వాడు చేస్తాడు. నా కొడుకు వరద నీళ్ళ జ్వరంతో పోయాడు ఆ పోస్టులో, తెలుసా నీకు? నీ పేపర్లో వేశావా అది?"

నాకు తెలియదు. వెళ్ళిపోవాల్సిందే, వేరే దారి లేదు. నేను చివరిసారి అతని బావమరిదిని అనిపించుకునే పని ఒకటుంటే అది ఈ రోజే, ఈ గోతి దగ్గరే. అది కూడా పోయిందని అర్థమైంది.

అప్పుడు ఎస్నాత్ బయటికొచ్చింది. నల్లగుడ్డ తలకి కట్టుకుని ఉంది. చేతిలో మడతపెట్టిన కాగితం. ముబిటా చేతికిచ్చింది. "ఇది ఆయన నెల కింద రాశాడు. నువ్వే చదవాలి. పోలీసు అయినవాడే చదవాలన్నాడు."

అది పోలీసుల పాత ఫారం. ఎక్కడ దాచుకున్నాడో. ముబిటా కళ్ళజోడు పెట్టుకుని, స్టేషన్‌లో చదివినట్టే గొంతెత్తి చదివాడు.

"ముద్దాయి: లెవీ చిశింబా, బెంబా, కోతులు తినువాడు, వృత్తి కాగితాలు ఖరాబు చేయుట. ఫిర్యాది: లమెక్ షావా, సార్జెంట్. నేరం ఒకటి: ఫిర్యాది కోడిపుంజును పట్టపగలు ఎత్తుకుపోయెను. బావామరుదుల వరస కింద కొట్టివేయడమైనది. నేరం రెండు: ఫిర్యాది టోపీ ధరించి బజారులో సలాములు పుచ్చుకొనెను. కొట్టివేయడమైనది."

ఎవరో చిన్నగా నవ్వారు. ముబిటా ఆగి, గొంతు సవరించుకున్నాడు.

"నేరం మూడు: ఫిర్యాది క్యాంపును ఎత్తుకుపోయెను. ఇది కొట్టివేయడం కుదరదు. శిక్ష: ముద్దాయి ఫిర్యాది గోతిలో దిగవలెను. ఈ కాగితం రెండో మడత అక్కడ నిలబడి, పైనున్న అందరికీ వినపడేలా, ఒక్క ముక్క కలపకుండా చదవవలెను. ఈసారి ఫిర్యాది అనుమతి కలదు. పిదప ఒక ఎలుకను తినవలెను. తినేవరకు పైకి లాగరాదు."

ముబిటా కాగితం నాకిచ్చాడు, నా మొహం చూడకుండా.

గోతి లోతుగా, చల్లగా ఉంది. ఎర్రమట్టి. పెట్టె పైన అంచున ఉంది. దాని చుట్టూ పాత క్యాంపు మొత్తం నిలబడి కిందికి, నా మీదికి చూస్తోంది. రెండో మడత విప్పి చదివాను.

"నేను ప్రతి ఎన్నికలోనూ ఎద్దుకే ఓటు వేశాను. ఆ ఏడు కూడా. అరవై ఒక్క ఓట్లలో ఒకటి నాది. మా ఊరికి నీళ్ళు తెచ్చింది నా గోడ మీది ఆ ముసలాయన, అందుకని. ఎవరూ నన్ను అడగలేదు. సికోటా అడగలేదు. రోజూ వచ్చి పుస్తకం నిండా రాసుకుపోయిన నా బావమరిది అసలే అడగలేదు. బదిలీ కాగితం వచ్చినప్పుడు, నేను మీవాణ్ణే అని సికోటాతో ఒక్క మాట అంటే నా ఇల్లు నాకు మిగిలేది. అయితే ఎవరు కాదో చెప్పమనేవాడు. వాళ్ళంతా నా చెట్టు కింద కూర్చుని తిన్నవాళ్ళు. అందుకని లారీ ఎక్కాను. ఇది అచ్చువేసుకోవచ్చు."

చివరి మాట రెండుసార్లు చదివాను. ఆ ఫోటో అద్దం నా కళ్ళ ముందుకొచ్చింది. పదకొండేళ్ళు ఆ ఇంట్లో తిన్నాను, ఒక్క ప్రశ్న అడగలేదు. నేను విలేఖరినట!

పైనుంచి ముబిటా గొంతు వినిపించింది, పెట్టెతో మాట్లాడుతున్నాడు.

"మూడు రోజులు ఆ లారీలో నా పక్కన కూర్చున్నావు," అన్నాడు. "నేను తాళంచెవికి వేశానని నీకు ముందే చెప్పాను. నీ మీద నింద వేశాను, నీ బావమరిది వల్లే ఇదంతా అని తిట్టాను. నువ్వు నీళ్ళ సీసా ఇచ్చావు తాగమని. ఒక్క మాట అనలేదేమయ్యా!" తర్వాత గోతి అంచున మోకాళ్ళ మీద కూర్చుని నా వైపు చూశాడు. "నీ కెమెరా తొక్కిన రోజు కూడా నేను తాళంచెవివాణ్ణే. భయంతో తొక్కాను. ఇది కూడా రాసుకో."

"రాయమంటావా?" అన్నాను. నా జీవితంలో ఆ ప్రశ్న మొదటిసారి అడిగాను.

ముబిటా కాస్త ఆలోచించాడు. "నా కొడుకు పేరు కూడా వెయ్యి," అన్నాడు. "తప్పు లేకుండా వెయ్యి. నేను రాసిస్తాను."

ఎస్నాత్ గిన్నె తెచ్చింది. పాత గిన్నె, అంచు మీద నీలిరంగు చార. ముబిటా దాన్ని అందుకుని, వంగి, నాకు అందించాడు. ఉప్పు వేసి కాల్చిన ఎలుక, ఒక్కటే, తోకతో సహా.

అందరూ చూస్తుండగా నోట్లో పెట్టుకున్నాను. బయట కరకరలాడింది, లోపల మెత్తగా ఉంది, పొగ వాసన, ఉప్పు సరిగ్గా సరిపోయింది. పదకొండేళ్ళు కాదన్నది ఇదా అనుకున్నాను. మింగి, పెట్టె వైపు తలెత్తి, "బాగుంది బావా," అని చెప్పాను.